మహనీయుల జీవితాలు: జిడ్డు కృష్ణమూర్తి – దేశదేశాల పిల్లలకు బడి పెట్టిన మదనపల్లె వాడు



ఈసారి మన గోడపత్రికలో ఒక తెలుగువాడి జీవితం రాస్తున్నాము. ఆయన రాజు కాదు, మంత్రి కాదు, సైన్యం నడిపినవాడూ కాదు. చిన్నప్పుడు బడిలో మొద్దు అనిపించుకున్నాడు. పెద్దయ్యాక కాలేజీ ప్రవేశ పరీక్షలు తప్పాడు. అయినా ఆయన పెట్టిన బడులు మన దేశంలోనూ, ఇంగ్లాండులోనూ, అమెరికాలోనూ ఈనాటికీ నడుస్తున్నాయి. వాటిలో కొన్నింట్లో రకరకాల దేశాల పిల్లలు ఒకే కప్పు కింద పడుకుంటారు, ఒకే వంటశాలలో తింటారు, కలిసి చదువుకుంటారు. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి.

హాస్టల్ అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇల్లు వదిలి రావడం, మన మాట తెలియనివాళ్ల మధ్య ఉండడం, పక్క మంచం వాడు మొదట్లో పరాయివాడిగా ఉండి తర్వాత అన్నలాంటి వాడు కావడం, ఇవన్నీ మనం చూసినవే. అందుకే ఈ కథ మనకి దగ్గర కథ.

బాల్యం

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించాడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. మన కోనసీమలాగ కాలువలు, కొబ్బరితోటలు ఉన్న చోటు కాదది. రాతికొండలు, తక్కువ వాన, చెరువు నిండితేనే పంట. తండ్రి జిడ్డు నారాయణయ్య ఇంగ్లీషు ప్రభుత్వంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. వాళ్లకి కృష్ణమూర్తి ఎనిమిదో సంతానం. శ్రీకృష్ణుడు కూడా ఎనిమిదోవాడే కనుక ఆ పేరు పెట్టారు.

పిల్లవాడికి చిన్నతనంలోనే మలేరియా పట్టుకుంది. అది ఊరికే తిరగబెడుతూ ఉండేది. మన్యంలో పుట్టినవాళ్లకి ఆ చలిజ్వరం సంగతి బాగా తెలుసు. దానివల్ల బడికి వరసగా వెళ్లలేకపోయేవాడు. వెళ్లినా పాఠం మీద మనసు నిలిచేది కాదు. ఆకునో, చీమనో, మబ్బునో చూస్తూ ఉండిపోయేవాడు. పంతుళ్లు వాడిని మందమతి అనుకున్నారు, కొట్టారు కూడా. కానీ ఒకరోజు తండ్రి గడియారం మొత్తం విప్పేసి, మళ్లీ బిగించేదాకా అన్నానికి గానీ బడికి గానీ కదలలేదట. అంటే బుర్ర లేక కాదు, ఆ బుర్ర వెళ్లే దారి వేరు.

ఇంకో సంగతి కూడా చెబుతారు. బడికి పలక, పుస్తకం పట్టుకెళ్లి వట్టి చేతులతో ఇంటికి వచ్చేవాడు. లేని పిల్లవాడు ఎవరైనా కనిపిస్తే ఇచ్చేసేవాడు.

1905లో తల్లి చనిపోయింది. అప్పటికి కృష్ణమూర్తికి పదేళ్లు. ఆ తర్వాత వాడికి మిగిలిన తోడు తమ్ముడు నిత్యానంద. నిత్య అన్నకంటే చురుకు, చదువులో ముందు. అయినా అన్నదమ్ములిద్దరూ ఒకరిని వదిలి ఒకరు ఉండేవారు కాదు.

అడయారు ఇసుక మీద

నారాయణయ్య ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సంసారం గడవడం కష్టమైంది. ఆయన దివ్యజ్ఞాన సమాజంలో చాలా కాలంగా సభ్యుడు. అన్ని మతాలూ ఒకే సత్యం చెబుతాయని నమ్మేవాళ్ల సంఘం అది. దాని ప్రధాన కార్యాలయం మద్రాసు పక్కన అడయారులో ఉండేది. సంఘం అధ్యక్షురాలు అనీబిసెంటు అనే ఐరిష్ మూలాలున్న ఇంగ్లీషు దొరసాని. 1909 జనవరిలో నారాయణయ్య అక్కడ గుమాస్తా పనికి కుదిరి, కొడుకులను తీసుకుని వెళ్లాడు. సమాజం ఆవరణ బయట పాడుబడిన చిన్న ఇంట్లో వాళ్లు ఉండేవారు. పిల్లలు మైలాపూరు బడికి నడిచి వెళ్లేవారు. అక్కడా కృష్ణమూర్తికి బెత్తం దెబ్బలే.

ఆ ఏడాది ఏప్రిల్‌లో సమాజంలో పెద్దవాడైన లెడ్‌బీటర్ అనే దొర అడయారు సముద్రపు ఒడ్డున ఈ కుర్రవాడిని చూశాడు. చిక్కి శల్యమై, మురికిగా ఉన్న పిల్లవాడు. అయితే వీడిలో స్వార్థం అనేది ఇసుమంత లేదని, వీడు పెద్దయితే గొప్ప బోధకుడు అవుతాడని లెడ్‌బీటర్ నమ్మాడు. ఆ సమాజం వాళ్లు అప్పటికే లోకానికి ఒక జగద్గురువు వస్తాడని ఎదురుచూస్తున్నారు. ఆ గురువు ఈ శరీరంలోకే వస్తాడని అనుకున్నారు.

అంతే, ఆ పిల్లవాడి బతుకు ఒక్కసారిగా మారిపోయింది. బడి మాన్పించారు. మంచి తిండి, ఈత, సైకిలు, టెన్నిసు, ఇంగ్లీషు చదువు. 1910లో అనీబిసెంటు అన్నదమ్ములిద్దరికీ చట్టప్రకారం సంరక్షకురాలు అయింది. 1911లో కృష్ణమూర్తి పెద్దగా ఒక సంఘం పెట్టారు. దాన్ని తూర్పు నక్షత్ర సంఘం అన్నారు. అప్పటికి ఆయనకి సుమారు పదహారేళ్లు. ఆ ఏడాదే ఇద్దరినీ ఓడ ఎక్కించి ఇంగ్లాండు తీసుకెళ్లారు.

పోయిన భాష

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి. తండ్రి ముందు ఒప్పుకున్నాడు గానీ తర్వాత భయపడ్డాడు. కొడుకులు తనకి దక్కరేమోనని 1912లో మద్రాసు హైకోర్టులో దావా వేశాడు. 1913లో ఆయన గెలిచాడు. బిసెంటు అప్పీలు చేసింది. చివరకి 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌లో ఆమె గెలిచింది. పిల్లలు అక్కడే ఉండిపోయారు.

ఇంగ్లాండులో బట్టలు, భోజనం, సభ్యత, అన్నీ నేర్పారు. పెద్ద పెద్ద ఇళ్లలో ఉంచారు. కానీ ఏళ్లు గడిచిన కొద్దీ కృష్ణమూర్తి తెలుగు మర్చిపోయారు. ఆయనకి వచ్చిన భారతీయ భాష అదొక్కటే. అదీ పోయింది. 1921 చివర్లో ఇండియా వచ్చి తండ్రిని చూసినప్పుడు ఆయనకి తల్లి మాట్లాడిన భాష మిగల్లేదు. 1924లో తండ్రి చనిపోయాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఆయన లోకమంతా తిరిగి ప్రసంగాలు చేశారు, అన్నీ ఇంగ్లీషులోనే. పుట్టిన జిల్లాలో మాట్లాడినా ఆయన మాట ఊరివాళ్లకి ఎవరో ఒకరు తెలుగు చేసి చెప్పాల్సిందే.

ఎవరూ కావాలని చేసిన కీడు కాదిది. అందరూ మంచి చేద్దామనుకున్నవాళ్లే. అయినా ఒక పిల్లవాడిని ఇంటి నుంచి తీసుకెళ్లి బాగా చదివించాలనుకున్నప్పుడు, చూసుకోకపోతే జారిపోయేది ఏమిటో ఈ కథ చెబుతుంది.

చదువు కూడా అనుకున్నట్టు సాగలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చుకోలేదు. లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ రాసి తప్పారు. నిత్య మాత్రం పాసై లా చదివాడు. మనలో ఎవరైనా పరీక్ష తప్పి చాపలో ముఖం దాచుకుని ఏడిస్తే ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

వద్దన్న సింహాసనం

నిత్యకి క్షయ వచ్చింది. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు. పొడి గాలి మంచిదని 1922లో అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓహాయ్ అనే లోయకి వెళ్లారు. 1925 నవంబరులో కృష్ణమూర్తి ఇండియాకి ఓడలో వస్తూ సూయజ్ కాలువ దగ్గర ఉండగా ఓహాయ్‌లో నిత్య చనిపోయినట్టు తంతి వచ్చింది. తమ్ముడు బతుకుతాడని పెద్దలు చెప్పిన మాటని ఆయన పూర్తిగా నమ్మి ఉన్నారు. ఆ ఓడలో కొన్ని రోజులు కుమిలిపోయారు. అప్పటినుంచి ఒకరు చెప్పారని నమ్మడం అనే దానిమీదే ఆయనకి అనుమానం మొదలైందని చరిత్ర రాసినవాళ్లు అంటారు.

ఇంతలో నక్షత్ర సంఘం పెరిగిపోయింది. ఎన్నో దేశాల్లో వేలాది సభ్యులు. హాలెండు దేశంలో ఓమ్మెన్ అనే చోట ఒక జమీందారు తన కోటను, భూములను ఇచ్చేశాడు. అక్కడ ఏటా శిబిరాలు జరిగేవి. 1929 ఆగస్టు 3వ తేదీ ఉదయం, మూడు వేల మందికి పైగా కూర్చున్న సభలో, అనీబిసెంటు ఎదురుగా, ముప్పై నాలుగేళ్ల కృష్ణమూర్తి లేచి తన సంఘాన్ని తనే రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. సత్యానికి ఫలానా దారి అంటూ లేదని, తనకి శిష్యులు వద్దని, మనుషులు భయం నుంచి విడుదల కావడమే తనకి కావలసిందని ఆయన చెప్పిన దాని సారాంశం. డబ్బు, భూములు ఇచ్చినవాళ్లకి తిరిగి ఇచ్చేశారు.

తల్లిలా పెంచిన బిసెంటుకి అది పెద్ద దెబ్బ. అయినా ఇద్దరి మధ్య ప్రేమ పోలేదు. ఆమె 1933లో అడయారులో చనిపోయింది.

ఒక్క మాట. శాంతి గురించి శిబిరాలు జరిగిన ఆ ఓమ్మెన్ చోటునే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్లు ఖైదీల శిబిరం చేశారు. చోటుకి పవిత్రత దానంతట అది రాదు. అందులో ఉన్న మనుషులు ఎలా ఉంటే అది అలా అవుతుంది.

ఋషి వ్యాలీ

సంఘం రద్దు చేసిన మనిషి బడులు మాత్రం వదల్లేదు. అంతకు ముందే, 1920లలో, మదనపల్లెకి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో తెట్టు గ్రామం దగ్గర ఒక లోయ ఆయన కంటపడింది. చుట్టూ రాతికొండలు, పడమట ఋషికొండ, మధ్యలో ఒక మహావృక్షంలాంటి మర్రి. కొండ పేరుమీదే ఆ లోయని ఋషి వ్యాలీ అన్నారు. 1926 ప్రాంతంలో అక్కడ భూమి కొనడం మొదలైంది. మద్రాసులో గిండీ దగ్గర బిసెంటు ప్రోత్సాహంతో నడుస్తున్న జాతీయ పాఠశాలను 1931లో ఆ లోయకి తరలించారు. జి.వి. సుబ్బారావు గారు హెడ్మాస్టరు. అలా ఋషి వ్యాలీ స్కూలు మొదలైంది.

ఆ మదనపల్లె ప్రాంతానికి అంతకు ముందే పరదేశాల గాలి తగిలి ఉంది. 1915లో బిసెంటు అక్కడ కాలేజీ పెట్టించింది. దానికి ప్రిన్సిపాలుగా ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ పనిచేశాడు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఆ కాలేజీలో విడిది చేశారు. మన జాతీయగీతం జనగణమనను ఆయన అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. కజిన్స్ గారి భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసింది. బెంగాలీ పాట, తెలుగు ఊరు, ఐరిష్ చేయి, మూడూ అక్కడ కలిశాయి. టాగూరు కూడా 1921లో శాంతినికేతనంలో విశ్వభారతి పెట్టి ప్రపంచం అంతా ఒక గూటికి రావాలని కోరినవారే.

ఋషి వ్యాలీ మొదట్లో కరువు నేల. మేకలు మేసి, కట్టెలు కొట్టి కొండలు బోడి అయిపోయాయి. దశాబ్దాల తరబడి చెట్లు నాటి, వాన నీరు ఆపి ఆ లోయని పచ్చగా చేశారు. పిట్టలు తిరిగి వచ్చాయి. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు. సాయంత్రం పిల్లలంతా ఒక చోట చేరి మాట్లాడకుండా సూర్యాస్తమయం చూసే అలవాటు అక్కడ ఉంది. దాన్ని అస్తాచలం అంటారు. చిన్న తరగతుల్లో రాంకులు, పోటీ పరీక్షలు పెట్టరు. కృష్ణమూర్తి గారు ఇండియాలో ఉన్న ఏడాది చలికాలంలో వచ్చి పిల్లలతో, పంతుళ్లతో కూర్చుని మాట్లాడేవారు. లోయలో ఒంటరిగా చాలా దూరం నడిచేవారు.

బెత్తం తిన్న పిల్లవాడు బడి పెడితే ఎలా ఉంటుందో ఆ బడి అలా ఉంది. భయపడే పిల్లవాడు నేర్చుకోలేడని ఆయన గట్టిగా నమ్మారు. ఒకడిని ఇంకొకడితో పోల్చితే ఇద్దరికీ దెబ్బేనని చెప్పేవారు. గెలిచినవాడికి గర్వం, ఓడినవాడికి కుళ్లు. ఆ రెండే పెద్దయ్యాక ఊరికీ ఊరికీ, దేశానికీ దేశానికీ తగువులవుతాయని ఆయన ఆలోచన.

యుద్ధం, ఆ తర్వాత

రెండో ప్రపంచ యుద్ధం కాలమంతా ఆయన ఓహాయ్‌లోనే ఉండిపోయారు. ఏ యుద్ధాన్నీ ఒప్పుకోని మనిషి కనుక అక్కడ చాలామందికి నచ్చలేదు. కొన్నేళ్లు సభలు కూడా పెట్టలేదు. కూరగాయలు పండించారు, ఆవుని చూసుకున్నారు. 1946లో రచయిత ఆల్డస్ హక్స్‌లీ మొదలైన స్నేహితులతో కలిసి ఓహాయ్‌లో ఒక బడి పెట్టారు.

1947 అక్టోబరులో ఆయన బొంబాయిలో దిగారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలు. కానీ పంజాబులో, బెంగాలులో హిందువులు, ముస్లిములు, సిక్కులు ఒకరినొకరు నరుక్కున్న రోజులవి. నిన్నటిదాకా ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు. ఆ తర్వాత చేసిన ప్రసంగాల్లో ఆయన ఒకటే అడుగుతూ వచ్చారు. నేను ఫలానా మతంవాడిని, ఫలానా దేశంవాడిని అని మనసులో గీత గీసుకున్నప్పుడే కొట్లాట మొదలైపోవడం లేదా అని. ఆయన తాను ఏ దేశానికీ, ఏ మతానికీ చెందినవాడినని చెప్పుకోలేదు. 1953లో విద్య గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేశారు. దానిలో కూడా ఇదే ముఖ్య విషయం: ఉద్యోగం కోసం మాత్రమే చదివించే బడి శాంతి తేలేదు.

దేశదేశాల బడులు

1969లో ఇంగ్లాండులో హాంప్‌షైర్ అనే చోట బ్రాక్‌వుడ్ పార్క్ అనే హాస్టల్ బడి పెట్టారు. అందులో వందలోపు పిల్లలే. కానీ ఇరవైకి పైగా దేశాల నుంచి వచ్చినవాళ్లు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే చదువుతారు. మాంసం వండరు. తోట పని, గిన్నెలు కడగడం, ఊడవడం అందరూ పంచుకుంటారు. పొద్దున్నే అందరూ కాసేపు మాటలు లేకుండా కలిసి కూర్చుంటారు. మన దేశంలో కాశీలో గంగ ఒడ్డున రాజ్‌ఘాట్ బడి, మద్రాసులో 1973లో ఒకటి, బెంగుళూరు దగ్గర 1978లో ఒకటి, అమెరికా ఓహాయ్‌లో 1975లో ఓక్ గ్రోవ్ స్కూలు, ఇవన్నీ ఆయన ప్రేరణతో వచ్చినవే. 1978 సెప్టెంబరు నుంచి ఈ బడులన్నింటికీ ఆయన ఉత్తరాలు రాసేవారు.

ఇలాంటి ఆలోచన లోకంలో ఇంకొకరికి కూడా వచ్చింది. ఆయన కర్ట్ హాన్ అనే జర్మనీ దేశపు యూదు పంతులు. 1933లో హిట్లరుని ఎదిరించి జైలుపాలై, ఇంగ్లాండు పారిపోయారు. యుద్ధం అయ్యాక, నిన్న శత్రువులైన దేశాల సైనికాధికారులు ఒకే కాలేజీలో కలిసి పనిచేయడం చూసి, పెద్దవాళ్లకి చేతనైతే కుర్రవాళ్లకి ఎందుకు చేతకాదని అనుకున్నారు. 1962లో వేల్స్ దేశంలో సముద్రపు ఒడ్డున ఒక పాత కోటలో అట్లాంటిక్ కాలేజీ పెట్టించారు. దాని దారిలో పలు దేశాల్లో కాలేజీలు వచ్చాయి. మన దేశంలో పూణే దగ్గర 1997లో ఒకటి మొదలైంది. అక్కడి పిల్లలు చదువుతోపాటు చుట్టుపక్కల ఊళ్లకి సేవ చేయడం కూడా నేర్చుకోవాలి.

ఇద్దరి దారులకీ తేడా ఉంది. హాన్ కుర్రవాళ్లకి కలిసి చేసే పని, సాహసం, సేవ అప్పజెప్పారు. కృష్ణమూర్తి గారు ముందు మీ మనసులో ఉన్న గీతని చూసుకోండి అన్నారు. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే. పిల్లలు ఒక చోట బతకాలి. మన ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే అన్ని ఊళ్లవాళ్లు, అన్ని కులాలవాళ్లు ఒకే చెక్క మీద నిలబడి కోటిపల్లి దాటుతారు. ఒడ్డు రాగానే ఎవరి దారి వారిది. కలిసి దాటడం వేరు, కలిసి బతకడం వేరు. హాస్టల్లో రేవు తొందరగా రాదు. ఏళ్ల తరబడి ఒకరి దగ్గు, ఒకరి కోపం, ఒకరి ఏడుపు ఇంకొకరు భరించాలి. అక్కడే అసలు చదువు ఉంది.

గేటు బయటి పిల్లలు

ఇవన్నీ ఉచిత బడులు కావు. ఋషి వ్యాలీలో ఫీజు కట్టి చదవాలి. చదువు ఇంగ్లీషులో. ఎక్కువగా కలిగినవాళ్ల పిల్లలే వస్తారు. మరి గేటు బయట మేకలు కాసే పిల్లల సంగతి ఏమిటి? శాంతి, స్నేహం డబ్బున్నవాళ్లకేనా? ఈ ప్రశ్న వేయకుండా ఆ బడిని పొగడడం న్యాయం కాదు.

ఋషి వ్యాలీ వాళ్లు కూడా ఈ ప్రశ్న వేసుకున్నారు. వాళ్ల గ్రామీణ విద్యా కేంద్రం 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపింది. ఒక్క గది, ఒక్క పంతులు, అన్ని తరగతుల పిల్లలు. పాఠాలన్నీ తెలుగులో చిన్న చిన్న కార్డుల మీద ఉంటాయి. కార్డు మీద గుర్తుగా జంతువు బొమ్మో, పిట్ట బొమ్మో ఉంటుంది. గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. ప్రతి పిల్లవాడూ తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని తర్వాతి కార్డు తనే తీసుకుంటాడు. జ్వరం వచ్చి నెల రోజులు రాకపోయినా, కోతలకి వెళ్లినా, ఆగిన మెట్టు దగ్గర నుంచే మళ్లీ మొదలుపెడతాడు. వెనకబడ్డాడని ఎవరూ అనరు. పాటలు, పొడుపు కథలు, ఊరి మాటలు పాఠాల్లో ఉంటాయి. పిల్లలే అంగడి పెట్టి కొలిచి, తూచి, అమ్మి లెక్కలు నేర్చుకునే మేళాలు జరుగుతాయి. ఈ పద్ధతిని తర్వాత వేరే రాష్ట్రాలవాళ్లు, వేరే దేశాలవాళ్లు కూడా వచ్చి నేర్చుకున్నారు.

చూడండి, మలేరియాతో బడి తప్పి మొద్దు అనిపించుకున్న తెలుగు కుర్రవాడికి ఇలాంటి బడే ఉంటే సరిపోయేది. ఆ బడి ఆయన పుట్టిన చోటి పక్కనే, ఆయన పోగొట్టుకున్న భాషలోనే వచ్చింది.

మనలాంటి వాళ్లకి ప్రభుత్వం పెట్టిన గురుకులాల దారి వేరు. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు గారి చొరవతో మొదటి గురుకులం వచ్చింది. దాని తర్వాతే పేద పిల్లలకి, గిరిజన పిల్లలకి తిండి, బట్ట, చదువు ఉచితంగా ఇచ్చే బడులు ఊరూరా పెరిగాయి. ఒకవైపు డబ్బున్న హాస్టళ్లు, ఒకవైపు మన హాస్టళ్లు. గోడలు వేరైనా లోపల నేర్చుకోవలసింది ఒక్కటే కావచ్చు.

చివరి రోజులు

1985 ఏప్రిల్‌లో కృష్ణమూర్తి గారు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి భవనంలో ప్రసంగించారు. ఆయనకి సమితివారు శాంతి పతకం ఇచ్చారు. అప్పటికి తొంభయ్యో ఏడు నడుస్తోంది. ఆ చలికాలం చివరిసారి ఇండియా వచ్చి ఋషి వ్యాలీ చూసుకున్నారు. 1986 జనవరి 4న మద్రాసులో చివరి ప్రసంగం చేశారు. అది అడయారుకి దగ్గరే. ఆ ఇసుకలోనే డెబ్బై ఏడేళ్ల క్రితం ఒక చిక్కిన పిల్లవాడిగా ఆయన కనిపించింది. తర్వాత ఓహాయ్ వెళ్లి, 1986 ఫిబ్రవరి 17న కాన్సరు జబ్బుతో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం గుడి గానీ, సమాధి గానీ కట్టలేదు. చితాభస్మాన్ని అమెరికా, ఇంగ్లాండు, ఇండియా మూడు చోట్లా కలిపారు. తన తర్వాత తన పేరు మీద గురువుగా ఎవరూ కూర్చోకూడదని ముందే చెప్పి ఉంచారు.

మనం ఏమి తీసుకోవాలి

గొప్పవాళ్ల జీవితం చదివి బాగుంది అనేసి వెళ్లిపోతే లాభం లేదు. ఈ జీవితంలో నుంచి మన హాస్టల్‌కి పనికొచ్చేవి రెండు కనిపిస్తున్నాయి.

ఒకటి, శాంతి అనేది దేశాల మధ్య సంతకాలతోనే వచ్చేది కాదు. అన్నం వరసలో మొదలవుతుంది. ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లతోనే కూర్చోవడం, ఒక తెగవాళ్ల మాటని ఇంకో తెగవాళ్లు వెక్కిరించడం, కొత్తగా వచ్చిన ఐదో తరగతి పిల్లవాడి పెట్టె దాచి ఏడిపించడం, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. పెద్ద కొట్లాటలకి విత్తనం ఇలాంటిదేనని కృష్ణమూర్తి గారు జీవితమంతా చెప్పారు. పలక లేనివాడికి పలక ఇచ్చేసిన పిల్లవాడు పెద్దయ్యాక చెప్పిన మాట ఇది. పెద్దలకి కూడా ఒక మనవి. బెత్తం తిన్న పిల్లవాడు తిన్న దెబ్బ గుర్తుపెట్టుకుంటాడు గానీ పాఠం గుర్తుపెట్టుకోడు.

రెండు, చదువు కోసం ఇల్లు వదిలినా ఇంటి భాష వదలకూడదు. ఆయన అంతటివాడే అమ్మ మాట్లాడిన భాషని తిరిగి తెచ్చుకోలేకపోయారు. మనలో ఇంటి దగ్గర కోయ మాట్లాడేవాళ్లు ఉన్నారు. కొండల మీది తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషు నేర్చుకుందాం, పుస్తకాల తెలుగు నేర్చుకుందాం. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అవ్వతో అవ్వ మాటలోనే మాట్లాడదాం. సెలవులకి వెళ్లిన ప్రతిసారీ ఒకటి రెండు మాటలు తగ్గిపోతుంటే మనకే తెలియాలి.

వార్డెన్ గారు అనుమతిస్తే వచ్చే సంచికలో ఒక పేజీ ఖాళీగా ఉంచుతాము. ప్రతి ఒక్కరూ నీళ్లు, నిప్పు, అమ్మ, కొండ, స్నేహితుడు అనే ఐదు మాటలు మీ ఇంట్లో ఎలా అంటారో తెలుగు అక్షరాల్లో రాసి ఇవ్వండి. పక్కన మీ ఊరి పేరు రాయండి. పేజీ నిండాక పక్క మంచం వాడి మాటలు ఐదూ మీరు, మీ మాటలు ఐదూ అతను కంఠతా పట్టండి. మన బడికి దేశదేశాల పిల్లలు రాకపోవచ్చు. ఉన్న భాషలతోనే మొదలుపెడదాం.

ఇట్లు,
గోడపత్రిక బృందం, ముక్తేశ్వరం